వణికే బండికి ఉన్నికోటు

నెల మొదటి గురువారం ఉదయం ఏడున్నరకి అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం దర్జీ పని. ఆరేళ్ళుగా అది అతని పనే. ఆ రోజు షాపు పదింటికి గాని తెరిచేవాడు కాదు. ముందురోజే తన చొక్కా తానే ఇస్త్రీ చేసి వంకెకు తగిలించుకునేవాడు. ఎందరో పెద్దమనుషులకి కోట్లు కుట్టి పంపినవాడే గాని, తనకంటూ ఎక్కడా పెద్దరికం దొరకని మనిషి. వెనక వీధిలో ఉండే అత్తగారు నడిచి వచ్చి, అతని బండిలో ముందు సీట్లో కూర్చుని, వీధి చివరిదాకా అందరికీ కనబడుతూ వెళ్ళే ఆ ప్రయాణమే అతనికి నెలకొకసారి అందే గౌరవం. పెద్దల్లుడు అన్న మాటకి అర్థమంతా ఆ ముందు సీట్లోనే ఉందని అతని నమ్మకం.

బండి మాత్రం పాతది. కార్బురేటరు కాలం నాటిది. చలి ఉదయం తాళం తిప్పితే ముందు దగ్గుతుంది, తర్వాత లేస్తుంది, లేచాక వణుకుతుంది. ఆ వణుకు తలుపులకి, అద్దాలకి, సీట్లకి, చివరికి సీట్లో కూర్చున్నవాళ్ళ బుగ్గలకి పాకుతుంది. చోక్ బయటికి లాగి, యాక్సిలరేటరు మీద కాలి బొటనవేలు ఆనించి, పసిపిల్లని బుజ్జగించినట్టు పది నిమిషాలు కూర్చుంటే గాని దారికి రాదు. తొందరపడి గేరు వేస్తే అక్కడికక్కడే గుడ్లు తేలేస్తుంది.

సరిగ్గా ఇలాంటి బండే, ఇదే ఏడాదిదే, ఇదే బూడిద రంగుదే, ఎదురింట్లో ఇంకొకటి ఉంది. అది తోడల్లుడిది. దర్జీ భార్య చెల్లెల్ని చేసుకున్న అతనికి వీధి మొదట్లో మందుల షాపు ఉంది. ఏదో ఆఫీసు వాళ్ళు పాత బండ్లు వదిలించుకుంటుంటే ఇద్దరూ ఒకే రోజు వెళ్ళి చెరొకటి తెచ్చుకున్నారు. కవల పిల్లలని ఇరుగుపొరుగు నవ్వారు. అయితే ఈ మధ్య తోడల్లుడి బండి, ఉదయం ఏడున్నరకి ఆవులిస్తూ వచ్చి తాళం తిప్పితే చాలు, అప్పుడే నూనె వేసిన కుట్టుమిషనులా తిరుగుతోంది. దగ్గదు, వణకదు.

పోయిన నెల దర్జీ బండి గుమ్మంలోనే రెండుసార్లు ఆగిపోయింది. మూడోసారి తాళం తిప్పుతుండగా తోడల్లుడు అటుగా పోతున్నవాడిలా వచ్చి బండి ఆపి, "అన్నయ్యా, డాక్టరు టైము దాటిపోతుందేమో. అత్తయ్యని నేను దింపనా?" అన్నాడు. అత్తగారు దిగి ఆ బండెక్కింది. అది చప్పుడు లేకుండా మలుపు తిరిగిపోయింది. దర్జీ చోక్ పట్టుకుని కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఆవిడ ఇద్దరు కూతుళ్ళ ముందూ, ఇద్దరు అల్లుళ్ళ ముందూ ఒక మాట అంది.

"ఎంత హాయిగా ఉందో ఆ బండి. కదిలినట్టే తెలియలేదు."

ఆ మాట దర్జీ చెవిలో సూదిలా దిగి, అక్కడే విరిగింది. ఆ నెలంతా ఏ గుడ్డ కత్తిరించినా కత్తెర అదే మాట అనేది. అన్నం సహించలేదు. రోజూ ఏడున్నరకి కిటికీ పరదా పక్కన నిలబడి ఎదురింటి వంక చూసి కడుపు మండించుకునేవాడు. ఇద్దరూ పెట్రోలు పోయించేది ఒకచోటే. నూనె ఒకటే. ఒకరోజు తోడల్లుడు లేని సమయం చూసి ఆ బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, వంగి పొగగొట్టం వాసన కూడా చూశాడు. తన బండి వాసనే వచ్చింది. అది ఇంకా బాధ పెట్టింది.

చివరికి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. మెకానిక్కు బోనెట్ ఎత్తి, అదీ ఇదీ కదిపి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"చలికి పెట్రోలు సరిగ్గా ఆవిరవదు. ఆవిరవనిది సరిగ్గా మండదు. అందుకే ఆ వణుకు. ఇంజను వేడెక్కితే అదే సర్దుకుంటుంది. బండికి ఏ జబ్బూ లేదు, మీకే ఓపిక లేదు."

మరి ఎదురింటి బండికి చలి వేయదా అని దర్జీ అడిగాడు. అది తన దగ్గరికి రాదు గనక దాని సంగతి తనకి తెలియదన్నాడు మెకానిక్కు.

అంత చెబితే దర్జీ పట్టుకున్నది ఒక్క మాట, చలి. చలికి ఏం చేయాలో ముప్పయ్యేళ్ళుగా అతనికి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఇంజనుకి కోటు కుట్టాలని ఆ దారిలోనే నిశ్చయించుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భార్య పుట్టింటికి వెళ్ళగానే పెరట్లో బండి షెడ్డు తలుపు వేసి, మెడలో టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు. కస్టమరు వెనక్కి తిరగలేదు గనక తనే చుట్టూ తిరిగాడు. కార్బురేటరు ఊపిరి తీసుకోవాలి గనక అక్కడ మెడ గుండ్రంగా దించాలనుకున్నాడు. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. అంతా కొలతల పుస్తకంలో పద్ధతిగా రాశాడు. విడి కాగితం మీద కొలతలు రాయడం అతని షాపులో నిషిద్ధం. పేరు రాసేచోట మాత్రం ఖాళీ వదిలాడు. ఇంట్లో తెలిస్తే సాయంత్రానికి మరదలికి, భోజనాల వేళకి తోడల్లుడికి తెలుస్తుంది. తెల్లవారేసరికి వాడి బండికీ కోటు ఉంటుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఎప్పటినుంచో దాచిన ముదురు నీలం ఉన్నిగుడ్డ తీశాడు. లోపల గులాబీరంగు అస్తరు వేశాడు. కార్బురేటరుకి ఆనేచోట వేడినీళ్ళ సంచులు పెట్టుకోవడానికి రెండు లోపలి జేబులు పెట్టాడు. ముందు ఆరు గుండీలు. ఇరవై రెండేళ్ళుగా ఆ షాపులో కాజాలన్నీ భార్యే కుట్టేది. ఈ కోటుకి మాత్రం షాపు తలుపు వేసుకుని అతనే కుట్టుకున్నాడు.

ఆ తలుపే కొంప ముంచింది. ఆ తర్వాత జరిగిందంతా దర్జీకి ఆలస్యంగా తెలిసిన కథ. మూసిన తలుపు సందులోంచి భార్యకి నీలం గుడ్డ కనబడింది. తనకి కోటు కుట్టమని రెండుసార్లు అడిగితే అది కస్టమరుదని దాటేసిన గుడ్డ అది. ఆవిడ కొలతల పుస్తకం తిరగేసింది. పేరు లేని పేజీ దొరికింది. పుస్తకం కొంగు చాటున పెట్టుకుని ఎదురింటికి వెళ్ళింది.

"ఛాతీ యాభై ఎనిమిదట," అంది అక్క.

"యాభై ఎనిమిదా? సరిగ్గా చూశావా?"

"పొడవు ఇరవై ఆరు."

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ ఆకారాన్ని చేతులతో గాలిలో గీసి చూసుకున్నారు. పీపాలా వచ్చింది.

"చేతులు లేవని రాశారు."

"అయ్యో పాపం," అంది చెల్లెలు.

"నీకు జాలి దేనికే?" అని అక్క కసిరింది. "ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం అట. కింద చూడు. బాగా వెచ్చగా ఉండాలి, అని రాసుకున్నారు."

చెల్లెలు ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదివింది. "అయితే అందం చూసి కాదన్నమాట," అంది. "ఇది గట్టి వ్యవహారమే అక్కా."

ఆ మాటతో అక్క పుస్తకం మూసేసింది. అందం చూసి పడ్డవాడు ఏదో ఒకనాడు లేచి వస్తాడు. పీపాలాంటి మనిషికి గులాబీరంగు అస్తరు వేసి కుడుతున్నవాడు ఇంక లేవడు.

మంగళవారం దర్జీ తోడల్లుడి షాపుకే వెళ్ళి రబ్బరు వేడినీళ్ళ సంచులు రెండు కొన్నాడు. వాటికోసం ఇంకో షాపు వెతుక్కునే ఓపిక లేకపోయింది. రెండెందుకన్నయ్యా అని తోడల్లుడు అడిగాడు. నడుముకి అన్నాడు దర్జీ. తోడల్లుడు కర్రలాంటి అతని నడుము వంక ఒకసారి, సంచుల వంక ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ ముక్క భార్యకి చెప్పాడు. తెల్లవారేసరికి అది అక్క చెవిన పడింది. పీపాలాంటి మనిషికి ఇప్పుడు నడుము నొప్పి కూడా చేరింది. ఆవిడ ఎవరో గాని, అక్కకి ఆవిడ మీద అసూయతో పాటు దిగులు కూడా పట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో తన నడుము గురించి ఆయన ఒక్కసారైనా అడిగిన పాపాన పోలేదు.

బుధవారం సాయంత్రం దర్జీ పొట్లం చంకలో పెట్టుకుని, తల దువ్వుకుని, పెరటి వైపు వెళ్ళాడు. అరగంటకి పొట్లం లేకుండా కూనిరాగం తీస్తూ వచ్చాడు. భార్య వంటింటి కిటికీలోంచి రెండూ చూసింది. చీకటి పడకముందే తల్లి దగ్గరికి వెళ్ళి ఏడ్చింది. తల్లి అంతా విని, ఏడవొద్దంది. రేపు ఎలాగూ బండెక్కుతాను, నేనే అడుగుతానంది.

గురువారం ఆరింటికే దర్జీ లేచాడు. నీళ్ళు కాచి, సంచులు నింపి, కోటు జేబుల్లో పెట్టి, ఆరు గుండీలూ మళ్ళీ వేసి, బోనెట్ దించాడు. ఏడున్నరకి అత్తగారు వచ్చింది. వెనకే భార్య, ఆ వెనక మరదలు. కంటి డాక్టరు దగ్గరికి వీళ్ళు ఎన్నడూ వచ్చినవాళ్ళు కాదు. ఎందుకొస్తున్నారని అడగబోయి మానుకున్నాడు. సాక్షులు ఎంతమంది ఉంటే అంత మంచిదనుకున్నాడు.

తాళం తిప్పాడు. బండి దగ్గలేదు. ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, అందుకుంది. అద్దాలు నిశ్చలంగా ఉన్నాయి. దర్జీ అత్తగారి బుగ్గల వంక చూశాడు. అవీ నిశ్చలంగానే ఉన్నాయి. ఎదురింటి గుమ్మంలో తాళం పట్టుకుని నిలబడ్డ తోడల్లుడి ఆవులింత సగంలో ఆగిపోయింది. ఆ నోరు చూశాక దర్జీకి నెలరోజుల ఆకలి తీరింది. నిమిషమైనా ఆగకుండా గేరు వేశాడు. కోటు విప్పలేదు. బయటికి వెళ్ళేటప్పుడు ఎవరైనా కోటు తొడుక్కుంటారు గాని విప్పుతారా అని ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. వెనక తోడల్లుడు తన బండి తీసి వెంటపడడం అద్దంలో చూసి ఇంకా మురిసిపోయాడు.

రెండో వీధి దాటాక అత్తగారు నోరు విప్పింది.

"అల్లుడుగారూ, మిమ్మల్ని ఒక మాట అడుగుతాను."

దర్జీ ఉలిక్కిపడ్డాడు. మామూలుగా ఆవిడ అతన్ని నాయనా, నువ్వు అంటుంది. మీరు అన్నదంటే పెళ్ళినాటికి వెనక్కి తీసుకెళ్ళి నిలబెట్టిందన్నమాట.

"ఆ నీలం కోటు ఎవరికి కుట్టారు?"

దర్జీ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. గుట్టు బయటికి పొక్కింది. ఎక్కడ పొక్కిందో, వెనక బండివాడికి ఎంతవరకు తెలిసిందో అని లెక్కలు వేసుకుంటూ, అది ఇప్పుడు చెప్పేది కాదన్నాడు. వెనక సీట్లోంచి భార్య ఎక్కిళ్ళు వినబడ్డాయి. కోటు గుట్టు చెప్పనందుకు ఇంత ఏడుపు దేనికో అతనికి అర్థం కాలేదు.

"నా ముందు దాచకండి," అంది అత్తగారు. "ఆవిడ పేరేమిటి?"

"ఏ ఆవిడ?" అన్నాడు దర్జీ.

"చేతులు లేని ఆవిడ బావా," అని మరదలు వెనకనుంచి అందించింది.

దర్జీకి మతి పోయింది. చేతులు లేని ఆవిడెవరో గుర్తు తెచ్చుకునే లోపల ముక్కుకి ఒక వాసన తగిలింది. ఉన్ని కాలే వాసన. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మరిచిపోయిన ప్రతి దర్జీకీ ఆ వాసన నిద్రలో కూడా తెలుస్తుంది. బోనెట్ సందుల్లోంచి పొగ సన్నగా లేచింది. బండి పక్కకి తీసి, అందర్నీ దింపి, పరిగెత్తి బోనెట్ ఎత్తాడు. ఎత్తగానే లోపల రబ్బరు సంచి ఒకటి టప్పున పగిలింది. నీళ్ళన్నీ వేడి ఇనుము మీద పడి ఆవిరి మబ్బులా లేచి దర్జీని మింగేసింది.

ఆవిరి తగ్గాక నలుగురూ చూశారు. ముదురు నీలం ఉన్నికోటు తొడుక్కుని, ఆరు గుండీలూ పెట్టుకుని, మెడ గుండ్రంగా, పొగగొట్టం వైపు అంచు మాడి, గులాబీరంగు అస్తరు బయటికి తొంగి చూస్తూ ఇంజను కూర్చుని ఉంది.

మరదలు ముందుకొచ్చి తొంగి చూసింది.

"అయితే చేతులు లేనిది ఇదా," అంది మరదలు. ఆ గొంతులో ఊరట ఉంది, కాస్త నిరాశ కూడా ఉంది.

భార్య దగ్గరికి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, వంగి, పొగలోనే కోటు అంచు వేళ్ళతో పట్టి చూసింది.

"కాజాలు వంకరగా ఉన్నాయి," అంది. తర్వాత నెమ్మదిగా నిటారుగా నిలబడింది. "నా కోటుకి రెండేళ్ళుగా ఒక గుండీ లేదు. దీనికి ఆరు."

పీపాలాంటి ఆవిడ పోయింది గాని ఆవిడ జాగాలో ఇప్పుడు బండి నిలబడింది. ఏ ఆడమనిషైనా ఉండి ఉంటేనే నయమేమో అని దర్జీకి అనిపించింది. ఆడమనిషైతే లేదని బుకాయించవచ్చు.

అప్పటికి తోడల్లుడు వచ్చి ఆగాడు. అతని బండి ఎప్పటిలాగే నూనె వేసిన మిషనులా తిరుగుతోంది. దిగి, ఇంజనుని చూసి, నడుము పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. బండికి చలికోటా అన్నయ్యా అన్నాడు. ఆ వేడినీళ్ళ సంచులు దీని నడుముకా అన్నాడు. దర్జీ నేల చూపులు చూశాడు. ఆరేళ్ళ పెద్దరికం ఆ నీళ్ళతోపాటు రోడ్డు మీద పారిపోతున్నట్టు తోచింది. తోడల్లుడు తన బండి ముందు తలుపు తెరిచి, రండి అత్తయ్యా అని పిలిచాడు.

మరదలికి ఎందుకో ఒళ్ళు మండింది.

"మీరు నవ్వకండి," అంది మొగుడితో. "బావ కోటు కుట్టాడు. మీరు చేసేది చెప్పమంటారా?"

తోడల్లుడి నవ్వు ఆగిపోయింది. వద్దని సైగ చేశాడు. ఆవిడ చూడనట్టే చెప్పుకుపోయింది.

"రోజూ అయిదింటికి లేస్తారు బావా. చప్పుడు మీ ఇంటికి వినబడకూడదని బండిని వెనక సందులోకి తోసుకెళ్ళి అరగంట తిప్పి వేడి చేసుకొస్తారు. వచ్చి మళ్ళీ పడుకుంటారు. ఏడున్నరకి అప్పుడే లేచినట్టు ఆవులిస్తూ వెళ్తారు. ఆ ఆవులింత అద్దంలో చూసి నేర్చుకున్నదే."

"బండిని ఒక్కడే తోస్తాడా?" అన్నాడు దర్జీ. ఆ పూట అతని నోట వచ్చిన మొదటి తెలివైన ప్రశ్న అది.

"తోసేది నేను. ఆయన స్టీరింగు పట్టుకుంటారు."

దర్జీ తోడల్లుడి వంక చూశాడు. తోడల్లుడు బండి టైరు వంక చూశాడు. అడగకుండానే, గొంతు తగ్గించి చెప్పుకున్నాడు. ఆరేళ్ళలో అత్తయ్య ఒక్కసారైనా చిన్నల్లుడి బండిలో వస్తాననలేదు. ఏం కావాలన్నా పెద్దల్లుడే. చిన్నల్లుడు తలనొప్పి మాత్రలు తెచ్చి ఇవ్వడానికి మాత్రమే. ఒక్క నెల, ఒక్క ముందు సీటు, అంతే తను కోరుకున్నది.

ఇదంతా వింటూ అత్తగారు గోడకి చేయి ఆనించి నిలబడింది. నల్లకళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ కళ్ళు చాలా తేటగా ఉన్నాయి.

"నా కళ్ళు ఎప్పుడో బాగయ్యాయి," అంది. "ఆరు నెలలకొకసారి వస్తే చాలని డాక్టరు నాలుగేళ్ళ క్రితమే చెప్పాడు."

నలుగురూ ఆవిడ వంక తిరిగారు.

"మీ నాన్న పోయాక నేను నోరు విప్పితే మీకందరికీ పని గుర్తొస్తుంది. నీకు పొయ్యి మీద కూర, దీనికి ఆరేసిన బట్టలు. ఈ బండి ఒక్కటే చలికి వణుకుతూ పది నిమిషాలు నిలబడేది. అంతసేపూ ఇతను కాలు తీయడానికి లేదు. తీస్తే ఆగిపోతుంది. వింటున్నాడో లేదో నాకు తెలియదు. లేచి మాత్రం వెళ్ళలేడు కదా. నెలంతా కూడబెట్టుకున్న మాటలు ఆ పది నిమిషాల్లో చెప్పుకునేదాన్ని."

దర్జీ ఆవిడ వైపు ఒక అడుగు వేశాడు. నిజానికి అతను వినేవాడే. ఆవిడ మోకాళ్ళ నొప్పి, పాలవాడితో తగవు, మామగారు మొదటిసారి కొనిచ్చిన చెప్పులు సైజు సరిపోని సంగతి, అన్నీ అతనికి తెలుసు. కానీ పోయిన నెల ఎదురింటి బండిని పొగిడిన మాట ఇంకా చెవిలోనే ఉంది. అది ఊరికే పోనివ్వలేకపోయాడు.

"కదిలినట్టే తెలియలేదన్నారు కదత్తయ్యా."

"ఎక్కించుకున్నవాడి ఎదురుగా ఇంకేమనమంటావు నాయనా?" అంది ఆవిడ. "మోకాలి సంగతి మొదలుపెట్టేలోపే ఆసుపత్రి వచ్చేసింది."

నాయనా అన్నందుకు దర్జీ ప్రాణం కుదుటపడింది. ఇంజను చల్లారేదాకా అందరూ అక్కడే ఉన్నారు. భార్య మాడిన కోటు ఊడదీసి, తడి పిండి, గుండీలన్నీ కోసి, మాట్లాడకుండా తన చేతిసంచిలో వేసుకుంది. డాక్టరు దగ్గరికి ఆ రోజు ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళి మాత్రం ఏం చూపిస్తారు?

తర్వాతి నెల మొదటి గురువారం దర్జీ బండి కోటు లేకుండా, పాత పద్ధతిలో దగ్గి, లేచి, వణికింది. అత్తగారు ముందు సీట్లో సర్దుకుని కూర్చుని పాలవాడి దగ్గర మొదలుపెట్టింది. ఎదురింట్లో తోడల్లుడు ఆ నెలంతా అయిదింటికి లేవడం మానేశాడు. బండి తోసే పని తప్పి అతని భార్య ఒళ్ళు చేసింది. సరిగ్గా ఏడున్నరకి అతనూ వచ్చి తాళం తిప్పాడు. చల్లబడి గడ్డకట్టుకున్న ఆ బండి కూడా దగ్గి, లేచి, తలుపులు, అద్దాలు, పొగగొట్టం అన్నీ ఊగిపోయేలా వణకసాగింది. అతను ముందు తలుపు తెరిచి, వచ్చే నెల తన బండెక్కే మాట ఏమైనా ఉందేమో అన్నట్టు అత్తగారి వంక చూశాడు. అత్తగారు మాట ఆపి, కళ్ళద్దాలు పైకి జరిపి, ఆ బండి వంక కాసేపు శ్రద్ధగా చూసింది.

ఎదురింటి బండి తన బండి కంటే బాగా వణుకుతోందని దర్జీకి ఆ రోజంతా అన్నం సహించలేదు.